వేలాడే అద్దం కదలికను చూసే లేజర్ కిరణం: ఆప్టికల్ లివర్ అలైన్‌మెంట్‌కు సమగ్ర మార్గదర్శి

టార్షన్ బ్యాలెన్స్‌లోనైనా (తీగ మెలి తిరగడాన్ని బట్టి అతి చిన్న బలాలను కొలిచే సాధనం), వేలాడదీసిన అద్దాలతో కట్టిన ఇంటర్‌ఫెరోమీటర్‌లోనైనా (వెలుగు కిరణాలను కలిపి అతి చిన్న దూరాలను కొలిచే సాధనం) అద్దం కొన్ని మైక్రోరేడియన్లు, అంటే రేడియన్‌లో పది లక్షో వంతులు, వంగితే కంటికి తెలియదు. అందుకే దాని మీద ఓ లేజర్ కిరణం వేసి, తిరిగొచ్చిన చుక్క ఎటు జరిగిందో నాలుగు ముక్కల ఫోటోడయోడ్‌తో కొలుస్తాం. ఈ ఏర్పాటే ఆప్టికల్ లివర్. లైగో, కాగ్రా లాంటి గురుత్వ తరంగ డిటెక్టర్లలో అద్దాల వంపును గమనించడానికీ దీన్ని వాడతారు.

విశాఖ ల్యాబుల్లో ప్రాజెక్టులు చేసే విద్యార్థుల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటే: "చుక్కను మధ్యకు తెచ్చాం, అయినా రీడింగ్ గంటగంటకూ జారిపోతోంది, ఎందుకు?" చుక్క మధ్యకు వస్తే పని సగమే అయింది. చుక్క కదిలినప్పుడు కదిలింది అద్దమే తప్ప లేజరో, బల్లో, గాలో కాదని చూపించగలిగినప్పుడు అలైన్‌మెంట్ పూర్తయినట్టు. కింద ఇచ్చిన వరసంతా 11వ భాగంలోని పరీక్షలు నెగ్గడానికే.

ఉదాహరణలన్నిటికీ 633 నానోమీటర్ల ఎర్ర లేజర్, అద్దం నుంచి డిటెక్టర్‌కు 1 మీటరు దూరం అనుకుందాం.

1. ముందు కాగితం మీద తేల్చుకోవాల్సినవి

దూరం: అద్దం ఎంత కోణం తిరిగితే పరావర్తన కిరణం దానికి రెట్టింపు తిరుగుతుంది. 1 మీటరు దూరంలో, 1 మైక్రోరేడియన్ వంపుకు చుక్క 2 మైక్రాన్లు జరుగుతుంది. దూరం పెంచితే చుక్క ఎక్కువ జరిగే మాట నిజమే కానీ, గాలి వల్ల వచ్చే వణుకూ దాంతోపాటే పెరుగుతుంది. చిన్న ల్యాబుకు 1 నుంచి 1.5 మీటర్లు చాలు.

చుక్క సైజు: ఇక్కడ చుక్క వ్యాసార్థం అంటే నడిమధ్య నుంచి వెలుగు తీవ్రత 13.5 శాతానికి పడిపోయే చోటి వరకు ఉన్న దూరం. చుక్క ఆ వ్యాసార్థంలో నాలుగో వంతు పక్కకు జరిగే వరకు డిటెక్టర్ రీడింగ్ దాదాపు సరళరేఖే, తేడా 4 శాతానికి మించదు. సగం వరకు జరిగితే 14 శాతం తక్కువ చూపిస్తుంది. 1 మి.మీ. వ్యాసార్థం ఉన్న చుక్క పెట్టుకుంటే నమ్మదగిన పరిధి అటూ ఇటూ 125 మైక్రోరేడియన్లు. చుక్కను చిన్నది చేస్తే సున్నితత్వం పెరిగి, పరిధి తగ్గుతుంది. మీ అద్దం మామూలుగా ఎంత ఊగుతుందో తెలియకుండా ఈ అంకె ఎంచుకోవద్దు.

కిరణం పోయేకొద్దీ విప్పారుతుందని కూడా లెక్కలో వేసుకోండి. సన్నని చోట 0.5 మి.మీ. వ్యాసార్థం ఉన్న కిరణం అక్కడి నుంచి 1.24 మీటర్లకు 0.7 మి.మీ., 2 మీటర్లకు దాదాపు 0.95 మి.మీ. అవుతుంది. ఈ దూరం లేజర్ నుంచి అద్దానికి, అద్దం నుంచి డిటెక్టర్‌కు కలిపి. అద్దం పుటాకారమైతే అది లెన్స్ పని కూడా చేస్తుంది. దాని నాభ్యంతరం వక్రతా వ్యాసార్థంలో సగం. చుక్క సైజును ఆ లెక్కతో మళ్లీ చూసుకోవాలి.

పతన కోణం (అద్దానికి గీసిన లంబానికీ వచ్చే కిరణానికీ మధ్య కోణం): దీన్నే ఎక్కువమంది పట్టించుకోరు. అద్దం వంగకుండా ముందుకో వెనక్కో జరిగినా చుక్క పక్కకు జరుగుతుంది. ఆ జరుగుడు, అద్దం జరిగిన దూరానికి రెట్టింపును పతన కోణపు సైన్‌తో గుణించినంత. కోణం 45 డిగ్రీలు ఉండి అద్దం 10 మైక్రాన్లు జరిగితే చుక్క 14 మైక్రాన్లు జరిగి, 7 మైక్రోరేడియన్ల దొంగ వంపు కనిపిస్తుంది. 20 డిగ్రీలైతే అది 3.4కు తగ్గుతుంది. స్థలం ఉన్నంతలో కోణం చిన్నదిగా పెట్టుకోండి.

2. సామాను

- లేజర్: హీలియం–నియాన్ ట్యూబు, లేదా సింగిల్ మోడ్ ఫైబర్‌తో వచ్చే డయోడ్ లేజర్, చివర కొలిమేటర్ (కిరణాన్ని విప్పారకుండా సమాంతరంగా చేసే లెన్స్). కిరణం గురి నిలకడగా ఉండాలంటే ఫైబర్ మేలు, ఎందుకంటే వేడెక్కే డయోడ్ బల్ల మీద ఉండదు. తెర మీద గీతలు చూపడానికి వాడే లేజర్ పాయింటర్ దీనికి పనికిరాదు. దాని గురీ శక్తీ రెండూ తిరుగుతూనే ఉంటాయి.
- శక్తి: 1 మిల్లీవాట్ ధారాళంగా సరిపోతుంది.
- క్వాడ్రంట్ ఫోటోడయోడ్, అదే క్యూపీడీ: ముక్కల మధ్య సందు ఎంతో డేటాషీట్‌లో చూడండి. చుక్క ఆ సందు కన్నా చాలా పెద్దదిగా, డయోడ్ మొత్తం వ్యాసంలో మూడో వంతుకు మించకుండా ఉండాలి.
- క్యూపీడీకి రెండు దిశల్లో జరిగే మైక్రోమీటర్ స్టేజ్ (స్క్రూతో కొద్ది కొద్దిగా, కొలిచి జరిపే పీఠం).
- గురి పెట్టడానికి రెండు స్టీరింగ్ అద్దాలు, రెండు ఐరిస్‌లు (రంధ్రం సైజు మార్చుకోగల అడ్డు తెరలు).
- లావుపాటి స్టెయిన్‌లెస్ స్టీల్ పోస్టులు. అల్యూమినియం 30 సెం.మీ. పోస్టు ఒక్క డిగ్రీ వేడికి సుమారు 7 మైక్రాన్లు పెరుగుతుంది. మన లెక్కలో అది 3.5 మైక్రోరేడియన్ల అబద్ధం.
- 633 నానోమీటర్ల బ్యాండ్‌పాస్ ఫిల్టర్ (ఆ రంగును మాత్రమే పోనిచ్చేది), కొన్ని న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్లు (రంగు మార్చకుండా వెలుగును తగ్గించేవి), తెల్ల కార్డు, షేవింగ్ బ్లేడు.
- కిరణం దారికి తొడగడానికి 2 లేదా 3 అంగుళాల పీవీసీ పైపు ముక్కలు.

పోస్టులకు, బేస్ ప్లేట్లకు ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లు ఉన్నారు. డ్రాయింగ్‌లో ఎత్తు కన్నా అడుగు భాగం చదునుగా ఉండాలన్నది పెద్ద అక్షరాలతో రాసివ్వండి. మూడు మూలలా ఆనని బేస్‌ను ఎంత బిగించినా మెల్లగా సర్దుకుంటూనే ఉంటుంది.

3. గది, బల్ల: విశాఖలో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి

ఎంచుకునే వీలుంటే కింది అంతస్తు తీసుకోండి. పై అంతస్తులు గాలికి, ట్రాఫిక్‌కు ఊగుతాయి.

తేమ ఇక్కడ అసలు శత్రువు. బయట 33 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉంటే మంచు బిందువు దాదాపు 28 డిగ్రీలు. ఏసీలో 24 డిగ్రీలకు చల్లబడిన లెన్స్‌కు ఆ గాలి తగిలిందంటే పొర కట్టడం ఖాయం. తలుపు బార్లా తెరవొద్దు. ఏసీ ఆపి వెళ్లేటప్పుడు ఆప్టిక్స్ మీద మూత, లోపల సిలికా జెల్ పొట్లం ఉంచండి. జెల్ రంగు మారితే ఓవెన్‌లో ఆరబెట్టి వాడుకోవచ్చు.

బీచ్‌కు దగ్గరున్న చినవాల్తేరు, రుషికొండ వైపు ల్యాబుల్లో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. మామూలు స్టీల్ స్క్రూలు తుప్పుపట్టి, సరిగ్గా తిప్పాల్సిన సమయానికి బిగుసుకుపోతాయి. స్టెయిన్‌లెస్ స్క్రూలే కొనండి.

ఏసీ గాలి నేరుగా బల్ల మీదికి రాకుండా రెక్కలు తిప్పండి. కొలతకు కనీసం 2 గంటల ముందు ఏసీని ఒకే ఉష్ణోగ్రత దగ్గర పెట్టి వదిలేయండి. కంప్రెసర్ ఆగుతూ మొదలవుతూ ఉండటం వల్ల కొన్ని నిమిషాలకోసారి వచ్చే అల రికార్డులో కనిపిస్తుంది. ఏసీని 10 నిమిషాలు ఆపి చూస్తే ఆ అల ఏసీదో కాదో తేలిపోతుంది.

కరెంటు విషయంలో ఒక్క మాట: లేజర్ డ్రైవర్, క్యూపీడీ యాంప్లిఫయర్, డేటా కార్డు (రీడింగులను కంప్యూటర్‌కు ఎక్కించేది) మూడూ ఒకే యూపీఎస్, ఒకే ఎర్త్ మీద ఉండాలి. వేర్వేరు గోడ ప్లగ్గులకు పెడితే 50 హెర్ట్జ్ గీత మిమ్మల్ని వదలదు. చదరపు తరంగం ఇచ్చే ఇంటి ఇన్వర్టర్ అసలే వద్దు.

లేజర్ భద్రత: ఎర్ర లేజర్లలో 1 మిల్లీవాట్ లోపువి క్లాస్ 2, 5 మిల్లీవాట్ల లోపువి క్లాస్ 3ఆర్. రెండింటిలోకీ నేరుగా చూడకూడదు. కుర్చీలో కూర్చున్నవాళ్ల కంటి ఎత్తులో కిరణం ఉండనివ్వొద్దు. వాచీ, ఉంగరాలు తీసి పని మొదలెట్టండి. కిరణం ఆగిపోయే ప్రతి చోటా నల్ల అడ్డు పెట్టండి.

4. అద్దాన్ని ముందు దాని చోట నిలబెట్టండి

ఆప్టికల్ లివర్ కోసం అద్దాన్ని తిప్పకూడదు. అద్దం ఎక్కడ ఉండాలో చెప్పేది అసలు ప్రయోగమే: ఇంటర్‌ఫెరోమీటర్ అయితే ఫ్రింజ్‌లు (వెలుగు, చీకటి పట్టీలు) బాగా కనిపించే చోటు, టార్షన్ బ్యాలెన్స్ అయితే తీగ తనంతట తాను నిలిచే చోటు. ముందు అది సరిచేసి, డ్యాంపింగ్ (ఊగడాన్ని అణిచే ఏర్పాటు) ఆన్ చేసి, ఊగడం తగ్గాక మాత్రమే లేజర్ వెలిగించండి. ఆ తర్వాత చుక్క ఎక్కడ పడితే డిటెక్టరే అక్కడికి వెళ్లాలి.

కొత్తగా వేలాడదీసిన తీగ మొదటి ఒకటి రెండు రోజులు సాగుతూ, మెలి విప్పుకుంటూ ఉంటుంది. ఆ రోజుల్లో పట్టిన సున్నాను నమ్ముకోవద్దు.

5. లేజర్ వైపు పని

1. లేజర్ వెలిగించి హీలియం–నియాన్ అయితే గంట, డయోడ్ అయితే అరగంట వదిలేయండి.
2. స్టీల్ స్కేలును బల్ల మీద నిలబెట్టి, అద్దం నడిమి ఎత్తు కొలవండి. కిరణం దారి అంతా ఆ ఎత్తులోనే ఉండాలి.
3. రెండు ఐరిస్‌లను అదే ఎత్తుకు బిగించి, ఒకటి దగ్గర, ఒకటి దూరంగా అద్దానికి వెళ్లే దారిలో పెట్టండి. వాటి మధ్య దూరం కనీసం 30 సెం.మీ. ఉండాలి.
4. మొదటి స్టీరింగ్ అద్దంతో దగ్గరి ఐరిస్‌ను, రెండోదానితో దూరపు ఐరిస్‌ను సరిచేయండి. ఒకటి సరిచేస్తే రెండోది తప్పుతుంది. మారుస్తూ పోతే నాలుగైదు విడతల్లో రెండూ కుదురుతాయి. ప్రతిసారీ తప్పు పెరుగుతోందంటే మీరు స్క్రూలను తారుమారు చేశారన్నమాట.
5. చుక్క సైజు కొలవండి. డిటెక్టర్ పెట్టబోయే చోట, స్టేజ్ మీద బ్లేడు అంచుతో కిరణాన్ని కొంచెం కొంచెంగా కోస్తూ, వెనక శక్తి చదవండి. శక్తి 84 శాతం ఉన్న చోటి నుంచి 16 శాతం ఉన్న చోటికి బ్లేడు ఎంత జరిగిందో అదే చుక్క వ్యాసార్థం.

ఈ కొలత చేయకుండా "సుమారు 1 మి.మీ. ఉంటుందిలే" అనుకుని ముందుకు వెళ్లేవాళ్లే ఎక్కువ. తర్వాత క్యాలిబ్రేషన్ లెక్కకు రాకపోతే ఎక్కడ వెతకాలో వాళ్లకు తెలియదు.

6. అద్దం మీద చుక్క, వెనక్కి వచ్చేవాటిలో అసలుది

కిరణం అద్దం నడుమ తగలాలని గంటలు పోయనక్కర్లేదు. సమతల అద్దం మీద 5 మి.మీ. పక్కకు తగిలినా 1 మీటరు దూరంలో వంపు లెక్కకు వచ్చే తేడా అర శాతం లోపే. చూడాల్సింది వేరు: అద్దం బాగా ఊగినప్పుడు కూడా చుక్క అంచుకు, తీగ బిగింపుకు, అద్దం మరీ ఊగకుండా ఆపే ఆగుడు స్క్రూలకు తగలకూడదు. చుక్క చుట్టూ కనీసం దాని వ్యాసార్థానికి మూడు రెట్ల ఖాళీ ఉంచండి.

ఇప్పుడు తిరుగు కిరణాన్ని తెల్ల కార్డు మీద పట్టండి. చాలాసార్లు ఒకటి కాదు, రెండు మూడు చుక్కలు కనిపిస్తాయి. ప్రయోగపు అద్దం పూత తరచూ 1064 నానోమీటర్ల పరారుణ లేజర్ కోసం వేసినది. ఎరుపు రంగులో చాలా భాగం అందులోంచి దూరిపోయి, వెనక ముఖం నుంచి కూడా వెనక్కి వస్తుంది.

అసలుదాన్ని గుర్తుపట్టే పద్ధతి ఇది. రెండు ముఖాలూ సమాంతరమైతే రెండు చుక్కలు పక్కపక్కన సమాంతరంగా వస్తాయి. 6 మి.మీ. మందపు ఫ్యూజ్డ్ సిలికా, 20 డిగ్రీల పతన కోణం అయితే వాటి మధ్య దూరం 2.7 మి.మీ. ముందు ముఖం చుక్క లోపలికి వచ్చే కిరణానికి దగ్గరగా, వెనక ముఖానిది దూరంగా ఉంటుంది. అద్దం వెనక వాలు ఉంటే చుక్కలు కోణంలో విడిపోతాయి. అర డిగ్రీ వాలుకు 1 మీటరు దూరంలో దాదాపు 25 మి.మీ. ఎడం వస్తుంది, అప్పుడు తప్పు పట్టే భయం తక్కువ.

వెనక చుక్క కూడా అద్దంతోపాటే కదులుతుంది కాబట్టి తప్పుదాన్ని పట్టుకున్నా రీడింగ్ మామూలుగానే కనిపిస్తుంది. చిక్కల్లా రెండూ కొంత కలిసి డిటెక్టర్ మీద పడినప్పుడు. అవి ఒకదానితో ఒకటి వ్యతికరణం చెంది, అద్దం గాజు కాస్త వేడెక్కినా రీడింగ్ అలలుగా జారుతుంది. అసలు చుక్క ఒక్కటే దూరేలా డిటెక్టర్ ముందు ఐరిస్ పెట్టి, మిగతావాటిని నల్ల అడ్డుతో ఆపండి. ఐరిస్ రంధ్రం చుక్క వ్యాసార్థానికి మూడు రెట్ల వ్యాసార్థం కన్నా చిన్నది కాకూడదు, లేకపోతే అదే చుక్కను కోస్తుంది.

7. డిటెక్టర్‌ను నిలబెట్టడం

తిరుగు కిరణం పడే చోటికి క్యూపీడీ పోస్టును తెచ్చి, స్టేజ్ తన ప్రయాణంలో మధ్యలో ఉండేలా చూసుకుని బేస్ బిగించండి. చివరి కొన్ని మిల్లీమీటర్లే స్టేజ్‌తో సరిచేయాలి. కొందరు డిటెక్టర్‌ను కదలకుండా బిగించి, దాని ముందు ఇంకో స్టీరింగ్ అద్దం పెట్టి చుక్కను మధ్యకు తెస్తారు. అందులో రెండు నష్టాలు ఉన్నాయి: జారడానికి ఇంకో మౌంటు చేరుతుంది, మైక్రోమీటర్‌తో క్యాలిబ్రేట్ చేసే సౌకర్యం పోతుంది. స్థలం లేక తప్పకపోతే తప్ప ఆ దారి వద్దు.

క్యూపీడీ ముఖాన్ని కిరణానికి ఎదురుగా నిటారుగా కాక 3 నుంచి 5 డిగ్రీలు పక్కకు తిప్పండి. దాని గాజు కిటికీ నుంచి వచ్చే వెలుగు మళ్లీ అద్దానికీ, అక్కడి నుంచి లేజర్‌కూ చేరితే లేజర్ శక్తే కుదుపులు పడుతుంది.

బేస్ బోల్టులు బిగించేటప్పుడు చుక్క జరుగుతుంది. ఎదురెదురు బోల్టులను కొద్ది కొద్దిగా మార్చి మార్చి బిగించండి. అరగంట ఆగి మళ్లీ చూసి, అప్పుడే స్టేజ్ తాళం వేయండి.

8. చీకటి రీడింగ్, యాంప్లిఫయర్ గెయిన్

ఎరుపు దగ్గర సిలికాన్ డయోడ్ వాట్‌కు సుమారు 0.4 ఆంపియర్ ఇస్తుంది. 100 మైక్రోవాట్లు పడితే మొత్తం 40 మైక్రోఆంపియర్లు, మధ్యలో ఉన్నప్పుడు ముక్కకు 10. దాన్ని 100 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో వోల్టేజ్‌గా మారిస్తే ముక్కకు 1 వోల్ట్. చుక్క మొత్తం ఒకే ముక్క మీదికి జారితే 4 వోల్టులు. యాంప్లిఫయర్, డేటా కార్డు రెండూ అంత వరకు తట్టుకుంటాయో లేదో చూడండి.

- కిరణాన్ని ఆపి, గదిలో కొలతప్పుడు ఉండే దీపాలే ఉంచి, నాలుగు ముక్కల రీడింగూ 1 నిమిషం సగటు తీయండి. ఇవే చీకటి విలువలు.
- ప్రతి ముక్క నుంచి దాని చీకటి విలువను తీసేశాకే కూడికలు, భాగహారాలు చేయాలి.
- పక్కల రీడింగ్: కుడి ముక్కల మొత్తం నుంచి ఎడమ ముక్కల మొత్తం తీసి, నాలుగింటి మొత్తంతో భాగించాలి. పైకీ కిందికీ కూడా ఇదే లెక్క.
- నాలుగింటి మొత్తాన్ని కూడా విడిగా రికార్డు చేయండి. రేపు ఏదైనా తేడా వస్తే మొదట చూడాల్సింది అదే.

భాగించడం మరిచిపోతే లేజర్ శక్తి తగ్గిన ప్రతిసారీ అద్దం వంగినట్టు కనిపిస్తుంది.

9. అక్షాలు కలపడం

అద్దం తల ఊపినట్టు ముందుకూ వెనక్కూ వంగడాన్ని పిచ్ అనీ, నిలువు అక్షం చుట్టూ పక్కలకు తిరగడాన్ని యా అనీ అంటారు. క్యూపీడీ తన అక్షం మీద 3 డిగ్రీలు మెలి తిరిగి ఉంటే యాలో 5 శాతం పిచ్‌లోకి కారుతుంది.

అద్దాన్ని అయస్కాంత బలంతో కదిపే కాయిల్‌కు 0.3 హెర్ట్జ్ లాంటి నెమ్మదైన సంకేతం ఇచ్చి యా మాత్రమే ఊపండి. పిచ్ రీడింగ్‌లో అదే ఫ్రీక్వెన్సీ కనిపిస్తే, అది కనీసమయ్యే వరకు క్యూపీడీని మెలి తిప్పండి. కాయిళ్లే సమతూకంలో లేకపోతే ఇది తప్పుదోవ పట్టిస్తుంది. అందుకే అనుమానం ఉంటే స్టేజ్‌ను అడ్డంగా జరిపి చూడండి, అప్పుడు నిలువు రీడింగ్ మారకూడదు.

గుర్తులు కూడా ఇప్పుడే రాసుకోండి: అద్దం కుడివైపు తిరిగితే రీడింగ్ పెరగాలా, తగ్గాలా? దారిలో మడత అద్దాలు ఉంటే ఎడమ కుడి తారుమారవుతాయి. ఫీడ్‌బ్యాక్ కలిపే ముందు ఇది తేలకపోతే డ్యాంపింగ్ కాస్తా ఊపే యంత్రమై కూర్చుంటుంది.

10. క్యాలిబ్రేషన్

1. అద్దాన్ని ఆగుడు స్క్రూలతో మెత్తగా పట్టి ఉంచండి. వీలుకాకపోతే ప్రతి బిందువు దగ్గర 30 సెకన్ల సగటు తీయండి.
2. స్టేజ్‌ను ఒక వైపు 500 మైక్రాన్లు దాటించి వెనక్కి తెచ్చి, 400 దగ్గర మొదలెట్టండి. అక్కడి నుంచి 50 మైక్రాన్ల చొప్పున అటు చివర 400 వరకు జరపండి. మధ్యలో వెనక్కి తిప్పొద్దు, మర వదులు లెక్కను చెడగొడుతుంది.
3. జరిపిన దూరానికి ఎదురుగా రీడింగ్‌ను గ్రాఫ్ గీయండి. మధ్యలో అటూ ఇటూ 250 మైక్రాన్ల ముక్కకే సరళరేఖ వేయండి.
4. వాలును సరిచూడండి. 1 మి.మీ. చుక్కకు వాలు మిల్లీమీటరుకు 1.6 రావాలి. 0.5 మి.మీ. చుక్కకు 3.2. పదిశాతానికి మించి తేడా ఉంటే చుక్క గుండ్రంగా లేదు, లేదా ఎక్కడో కోసుకుపోతోంది, లేదా రెండో చుక్క కూడా పడుతోంది.
5. దూరాన్ని కోణంలోకి మార్చండి. యాకు: చుక్క జరిగిన దూరాన్ని, అద్దం–డిటెక్టర్ దూరానికి రెట్టింపుతో భాగించాలి. పిచ్‌కు అదనంగా పతన కోణపు కొసైన్‌తో కూడా భాగించాలి.

ఆ కొసైన్ చాలామంది వదిలేస్తారు. 20 డిగ్రీలకు 6 శాతమే పోతుంది, కానీ 45 డిగ్రీలకు పిచ్ దాదాపు 29 శాతం తక్కువగా లెక్కకు వస్తుంది.

11. కదిలింది అద్దమేనా?

ఈ భాగానికి ఒక రోజు పూర్తిగా కేటాయించండి. ఇందులో ఏ ఒక్కటీ వదలొద్దు.

కార్డు పరీక్ష: కిరణాన్ని కార్డుతో పూర్తిగా ఆపి, నాలుగు ముక్కల వోల్టేజీలను భాగించకుండా రికార్డు చేయండి. ఇది ఎలక్ట్రానిక్స్ తనంతట తాను చేసే రొద, అంటే అడుగు మట్టం.

కదలని అద్దం పరీక్ష: వేలాడే అద్దానికి వీలైనంత దగ్గరగా, బల్లకు గట్టిగా బిగించిన మామూలు అద్దం పెట్టి, కిరణాన్ని దాని నుంచి అదే దూరంలో డిటెక్టర్‌కు పంపండి. ఒక రాత్రంతా రికార్డు చేయండి. లేజర్ గురి, పోస్టులు, గాలి కలిసి ఎంత అబద్ధం చెబుతాయో ఈ గీత చూపిస్తుంది. అసలు అద్దం రీడింగ్ ఈ గీతకు పైన ఉన్న చోట మాత్రమే మీరు అద్దం గురించి మాట్లాడగలరు. శాశ్వత ఏర్పాటులో అయితే బీమ్ స్ప్లిటర్‌తో కొంత వెలుగు పక్కకు తీసి, రెండో క్యూపీడీ మీద ఈ సాక్షి కిరణాన్ని ఎప్పుడూ నడుపుతూ ఉండటం మంచిది.

శక్తి పరీక్ష: క్యూపీడీకి ఆనించినట్టు ఓ పల్చటి న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్ పెట్టండి. నాలుగు ముక్కల మొత్తం తగ్గాలి, వంపు రీడింగ్ మారకూడదు. మారితే చీకటి విలువలు తప్పు. ఫిల్టర్‌ను దూరంగా పెట్టొద్దు, దాని గాజులో ఉన్న చిన్న వాలే చుక్కను జరిపేస్తుంది.

తట్టి చూడటం: పెన్సిల్‌తో లేజర్ పోస్టును, స్టీరింగ్ మౌంట్లను, డిటెక్టర్ పోస్టును ఒక్కొక్కటిగా మెల్లగా తట్టండి. ఏది తడితే రీడింగ్ ఎక్కువసేపు మోగుతుందో ఆ మౌంటు వదులుగా ఉంది.

లోలకం శిఖరం: 25 సెం.మీ. తీగకు వేలాడే అద్దం 1 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. స్పెక్ట్రంలో (రీడింగ్‌ను ఫ్రీక్వెన్సీల వారీగా విడదీసిన గ్రాఫ్) మీ తీగ పొడవుకు తగ్గ శిఖరం ఉండాలి. డ్యాంపింగ్ ఆపితే పెరగాలి, కలిపితే తగ్గాలి. ఆ శిఖరమే లేకపోతే మీరు చూస్తున్నది అద్దాన్ని కాదు.

సముద్రం: 0.1 నుంచి 0.3 హెర్ట్జ్ మధ్య వచ్చే మూపురం సముద్రపు అలల వల్ల నేలలో పుట్టే కంపం. తీరంలోనే ఉన్నాం కాబట్టి ఇది మనకు మామూలే. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్న రోజుల్లో ఇంకా లేస్తుంది. దాన్ని లేజర్ లోపం అనుకుని మౌంట్లు విప్పకండి. వాతావరణ బులెటిన్ చూసి, ఆ రోజు పేరుతో రికార్డు దాచుకోండి.

ఇక వెలుగు వల్ల వచ్చే అసలు హద్దు గురించి బెంగ వద్దు. 100 మైక్రోవాట్లు, 1 మి.మీ. చుక్క, 1 మీటరు దూరానికి షాట్ నాయిస్ (వెలుగు కణాలుగా వచ్చి పడటం వల్ల పుట్టే రొద) హద్దు ఒక హెర్ట్జ్ బ్యాండ్‌లో 0.03 నానోరేడియన్. మీ రీడింగ్ దానికి వేల రెట్లు పైనే ఉంటుంది. లేజర్ శక్తి పెంచితే బాగుపడుతుందనుకునేవాళ్లు ముందు పీవీసీ పైపు తొడిగి చూడాలి.

12. వంపును, జరుగుడును విడదీయాలంటే

ఇది అందరికీ అక్కర్లేదు. అద్దం ముందుకూ వెనక్కూ ఎక్కువగా ఊగే ఏర్పాట్లలోనే.

డిటెక్టర్ ముందు లెన్స్ పెట్టి, క్యూపీడీని సరిగ్గా దాని నాభ్యంతరం దూరంలో ఉంచితే చుక్క వంపుకు మాత్రమే కదులుతుంది. 500 మి.మీ. లెన్స్‌కు 1 మైక్రోరేడియన్ వంపుకు 1 మైక్రాన్. ఇందులో ఒక ఉచ్చు ఉంది: సన్నని చోట 1 మి.మీ. వ్యాసార్థం ఉన్న కిరణం అక్కడ 0.1 మి.మీ. చుక్కగా ముడుచుకుపోయి క్యూపీడీ సందులో పడుతుంది. 0.3 మి.మీ. ఉన్న కిరణాన్ని పంపితే చుక్క 0.34 మి.మీ. అవుతుంది. సన్నని కిరణం పంపితే పెద్ద చుక్క రావడం వింతగా అనిపించినా లెక్క అదే.

జరుగుడు మాత్రమే కావాలంటే అద్దం ప్రతిబింబం పడే తలంలో క్యూపీడీ పెట్టాలి. 300 మి.మీ. లెన్స్ అద్దానికి 1 మీటరు దూరంలో ఉంటే ఆ తలం లెన్స్ వెనక 429 మి.మీ. దగ్గర. అద్దాన్ని కాయిల్‌తో ఊపుతూ, వంపు సంకేతం కనీసమయ్యే చోటికి క్యూపీడీని ముందుకూ వెనక్కూ జరిపి తాళం వేయండి.

13. తరచూ ఎదురయ్యే చిక్కులు

రీడింగ్ ఉదయం నుంచి ఒకే వైపు జారుతోంది: పోస్టులు వేడెక్కుతున్నాయి, లేదా లేజర్ ఇంకా కుదురుకోలేదు. సాక్షి కిరణంతో పోల్చండి.

ఉన్నట్టుండి మెట్టులా గెంతి అక్కడే ఉండిపోయింది: నాలుగు ముక్కల మొత్తం కూడా గెంతితే డయోడ్ లేజర్ మోడ్ మారింది. మొత్తం మారకపోతే ఏదో స్క్రూ సర్దుకుంది, లేదా అద్దం ఆగుడు స్క్రూకు ఆనుకుంది.

100 హెర్ట్జ్ గీత: ట్యూబులైట్లు. బ్యాండ్‌పాస్ ఫిల్టర్, నల్ల తొడుగు వేయండి. 50 హెర్ట్జ్ అయితే ఎర్త్ చూడండి.

నాలుగు ముక్కల మొత్తం రోజురోజుకూ తగ్గుతోంది: ఎక్కడో గాజు మీద తేమ లేదా దుమ్ము పొర. ముందు గాలి బల్బుతో ఊది, తర్వాత లెన్స్ టిష్యూ మీద శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి ఒకే దిశలో ఒక్కసారి లాగండి. హ్యాండ్ శానిటైజర్ వాడొద్దు, చాలావాటిలో ఉండే గ్లిసరిన్ పొరగా మిగిలిపోతుంది. వేలాడే అద్దాన్ని మాత్రం ఇలా తాకవద్దు.

పైపు తొడిగాక వణుకు పెరిగింది: పైపు మౌంటుకు తగులుతోంది. పైపుకు వేరే కాళ్లు పెట్టండి.

14. రికార్డు మొదలెట్టే ముందు

- లేజర్ గంట నుంచి వెలుగుతోంది, ఏసీ 2 గంటల నుంచి ఒకే చోట ఉంది.
- అద్దం ఎక్కడా ఆనడం లేదు, డ్యాంపింగ్ కలిపి ఉంది.
- నాలుగు ముక్కల మొత్తం నిన్నటి విలువకు 5 శాతం లోపు ఉంది.
- ఈ రోజు చీకటి విలువలు తీసి ఫైల్‌లో వేశారు.
- చుక్క మధ్య నుంచి వ్యాసార్థంలో పదో వంతు లోపే ఉంది.
- పైపులు, మూతలు వేసి ఉన్నాయి, తలుపు మీద కాగితం అంటించారు.
- స్టేజ్ మైక్రోమీటర్ అంకెలు రెండూ నోట్‌బుక్‌లో ఉన్నాయి.

చుక్క నాలుగో వంతు వ్యాసార్థం దాటి జారినప్పుడు మళ్లీ సున్నా చేయాలి. అప్పుడు కూడా ముందు అసలు ప్రయోగం ప్రకారం అద్దం తన చోటే ఉందో లేదో చూడండి. ఉంటే, స్టేజ్‌ను జరిపి పాత అంకె, కొత్త అంకె, తేదీ, గది ఉష్ణోగ్రత రాయండి. లేకపోతే డిటెక్టర్‌ను ముట్టుకోకండి, జరిగింది అద్దం.